తెలుగు అంకెల్లో వచ్చిన ఆక్సిజన్

మా ఆఫీసు ఏలూరు పవర్‌పేటలో, ఒక మందుల షాపు మేడ మీద. రెండు గదులు, ఐదుగురు మనుషులం. కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువులు చేసేవాళ్ళ కోసం ఒక చిన్న వెబ్‌సైటు నడుపుతాం. తెల్లవారగానే చెరువు దగ్గరుండే మనిషి నీళ్ళలో మీటరు ముంచి, ఆక్సిజన్ ఎంతుందో, నీటి వేడి ఎంతుందో చూసి, ఫోన్లో మా పేజీ తెరిచి ఆ రెండు అంకెలూ కొట్టి పంపుతాడు. ఆక్సిజన్ మరీ తగ్గితే చెరువు చేసేవారికి వెంటనే మెసేజి వెళ్తుంది, ఏరేటర్లు వేసుకోమని. ఏరేటరంటే నీళ్ళను చిలికి గాలి కలిపే మోటారు. అది సమయానికి తిరక్కపోతే చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి.

ఆ ఫోన్లలోంచి వచ్చేవాటిని అందుకునే ప్రోగ్రాం రాయడం నా పని. మాది తాడేపల్లిగూడెం. నాన్నది ఉల్లిపాయల హోల్‌సేల్ కొట్టు. నేను ఎంసీఏ చదివి, గూడెంలోనే ఒక కాలేజీలో పదేళ్ళు పాఠాలు చెప్పి, పిల్లలు హైస్కూలుకొచ్చాక ఈ ఉద్యోగంలో చేరాను. ఆఫీసు నడిపే ఆయన నాకంటే ఆరేళ్ళు చిన్న. ఉంగుటూరు వైపు రైతుల ఇంటి మనిషి. నేను ఆయన్ని సార్ అంటాను, ఆయన నన్ను మేడం గారూ అంటారు.

కిందటేడు వానలు మొదలవుతున్న రోజుల్లో మేం పాత ప్రోగ్రాం తీసేసి కొత్తది పెట్టాం. పాతది పైథాన్ భాషలో ఉండేది. నేను చేరకముందే ఎవరో రాసి వెళ్ళిపోయారు. చెరువులు పెరిగేకొద్దీ అది నీరసపడిపోతోందని, రస్ట్ అనే భాషలో, దానికి సరిపడే ఫ్రేమ్‌వర్క్ పెట్టుకుని, మూడు నెలలు కూర్చుని నేనే మొత్తం తిరగరాశాను.

ఫ్రేమ్‌వర్క్ చేసే సాయం ఏమిటంటే, ఫోను నుంచి వచ్చే రిక్వెస్టు ఒక పెద్ద మూటలా వస్తుంది. చెరువు నంబరు ఒకచోట, తేదీ ఒకచోట, రీడింగులు ఇంకోచోట ఉంటాయి. 'నాకు చెరువు నంబరు పూర్ణసంఖ్యగా కావాలి, ఆక్సిజన్ దశాంశంతో సహా కావాలి' అని నేను రాసిపెడితే, అది మూట విప్పి, ఆ ముక్కలు ఏరి, నేనడిగిన రూపంలో నా చేతికిస్తుంది. అలా కుదరకపోతే నా దాకా రానివ్వదు, గుమ్మంలోంచే తిప్పి పంపేస్తుంది. పాత ప్రోగ్రాంలో ఇంత పట్టింపు ఉండేది కాదు. అర్థంకానిది వస్తే ఆ గడి ఖాళీగా వదిలేసి ఊరుకునేది. నాకు ఈ పట్టింపే నచ్చింది. తిప్పి పంపినవాటన్నిటినీ ఒక జాబితాలో రాసుకునే ఏర్పాటు కూడా చేశాను.

మొదటివారం ఆ జాబితా చాంతాడంత వచ్చింది. ఒకాయన చుక్క బదులు కామా కొడుతున్నాడు. ఇంకొకాయన అంకె పక్కన 'ఉంది' అని రాస్తున్నాడు. పెదవేగి నుంచి చెరువే లేని పామాయిల్ రైతు ఒకాయన పొరపాటున మా పేజీలోకొచ్చి తన ఫోన్ నంబరు ఆక్సిజన్ గడిలో పెట్టి పంపాడు. ఒక్కొక్కరికీ ఫోన్లు చేసి చెప్పాం. రెండోవారానికి జాబితా తగ్గింది. మూడోవారానికి ఒక్కటే మిగిలింది. అది రోజూ వచ్చేది, పొద్దున్నే ఆరూ పదికో ఆరుంబావుకో, మండవల్లి దగ్గరి ఒకే చెరువు నుంచి.

ఆక్సిజన్ గడిలో అంకె ఉండవలసిన చోట శాతం గుర్తులూ ఇంగ్లీషక్షరాలూ కలగలిసి ఉన్నాయి: %E0%B1%AA.%E0%B1%A8 అని.

సార్‌కు చూపించాను. ఆయన టీ తాగుతూ వంగి చూసి, "ఇదేదో హ్యాకింగ్ వ్యవహారంలా ఉందండీ. ఆ నంబరు బ్లాక్ చేసేయండి, గొడవ వదిలిపోతుంది" అన్నారు.

"రోజూ పొద్దున్నే ఆరింటికి లేచి హ్యాక్ చేసేవాళ్ళుంటారాండీ?" అన్నాను.

"ఏమో, మనకెందుకండీ" అని ఆయన వెళ్ళిపోయారు.

నాకు మాత్రం ఆ మధ్యలో ఉన్న చుక్క మీదే చూపు ఆగిపోయింది. చెత్త పంపేవాడికి సరిగ్గా దశాంశబిందువు పడాల్సిన చోటే చుక్క పెట్టాలని ఎందుకుంటుంది? పైగా ఈ0, బీ1 అన్న మొదలు ఎక్కడో చూసినట్టే ఉంది. తెలుగక్షరాలు నెట్‌లో ప్రయాణం చేసేటప్పుడు వేసుకునే వేషం అదే. అంటే ఇది తెలుగే. విప్పి చూశాను. తెరమీద ఇది కనిపించింది:

౪.౨

చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, అది నాకు చదవడం రాలేదు. పదో తరగతి వరకూ తెలుగు మీడియం నేను. ఎక్కాలన్నీ తెలుగులోనే అప్పజెప్పినదాన్ని. కానీ రాసిందెప్పుడూ ఇంగ్లీషు అంకెల్లోనే. ఇవి తెలుగు అంకెలని తెలుసు, పాత పుస్తకాల్లో పేజీ మూలన చూసినట్టు గుర్తు. మొదటిది తోక పైకెత్తి నీళ్ళలో మునుగుతున్న చేపలా ఉంది. నెట్‌లో వెతికితే అది నాలుగని తెలిసింది. రెండోది రెండు. నాలుగు పాయింటు రెండు. మండవల్లి చెరువులో పొద్దున్న పూట ఉండవలసినంత ఆక్సిజన్! చెత్త కాదు, హ్యాకింగ్ కాదు. మూడు వారాలుగా ఒక మనిషి సరైన రీడింగు పంపుతూనే ఉన్నాడు, నేను రాసిన ప్రోగ్రాం 'ఇది సంఖ్య కాదు' అని గుమ్మంలోంచి గెంటేస్తూనే ఉంది.

అయితే మరి పాత ప్రోగ్రాం ఏం చేసేది? పాత లెక్కలు తీసి చూశాను. ఆ చెరువు నుంచి ఏడాది పొడుగునా ఆక్సిజన్ రీడింగులు, అక్కడక్కడా ఒక ఖాళీ తప్ప, శుభ్రంగా ఉన్నాయి, మామూలు అంకెల్లో. అప్పుడు ఇంగ్లీషు అంకెలు కొట్టి ఇప్పుడు తెలుగులో కొడుతున్నారా? అనుమానం వచ్చి, పైథాన్ తెరిచి, ౪.౨ని సంఖ్యగా మార్చమని అడిగి చూశాను. మారుమాట లేకుండా 4.2 అని ఇచ్చింది.

ఆ భాషను నేను ఐదేళ్ళు పాఠం చెప్పాను. దానికి తెలుగు అంకెలు వచ్చని నాకు తెలియదు. రస్ట్‌కు రావు. నాకూ రావు. మా మధ్యలో దానికొక్కదానికే వచ్చు.

చెరువు చేసేవారి ఫోన్ నంబరు మా దగ్గరుంది. చేస్తే ఆయన నవ్వాడు. "రీడింగులు పంపేది నేను కాదండీ. ఆ భూమి మాస్టారిదండీ, నేను లీజుకు చేస్తున్నాను. నేనుండేది కైకలూరు. మాస్టారు పొద్దున్నే లేస్తారు కదా, మీటరు చూడటం ఆయనే చూసుకుంటానన్నారు. ఈ మధ్య మీ మెసేజి రావట్లేదని, రోజూ నాకు ఫోన్ చేసి నోటితోనే చెబుతున్నారండీ."

అప్పటికి ప్రాణం కుదుటపడింది. నా మూలంగా చేపలు చావలేదు. కానీ ఆ మాస్టారిని చూడాలని గట్టిగా అనిపించింది. ఫోన్లో అడిగితే తెలిసేదే. అయినా సార్‌తో, కైకలూరు వైపు రెండు చెరువులకు కొత్త మీటర్లు ఇవ్వాల్సినవి ఉన్నాయి కదా, నేనే తీసుకెళ్తానన్నాను.

మర్నాడు కైకలూరు బస్సెక్కాను. రోడ్డుకు రెండువైపులా నీళ్ళే. గట్ల మీద కొబ్బరిచెట్లు, నీళ్ళలో పాతిన కర్రలకు కట్టిన మేత సంచులు, వాటి చుట్టూ మసిలే శీలావతి, బొచ్చె చేపలూ. వంతెన దగ్గర గూడబాతులు బారులు తీరి ఉన్నాయి. మీటర్లు ఇచ్చేసి, కైకలూరులో ఆటో పట్టుకుని మండవల్లి వెళ్ళేసరికి పదకొండయింది.

మాస్టారు వరండాలో కూర్చుని పేపరు చదువుతున్నారు. డెబ్భై దాటిన మనిషి, సన్నగా, చలవ పంచె కట్టుకుని ఉన్నారు. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారట. ఏలూరు ఆఫీసు నుంచి వచ్చానని చెప్పగానే పేపరు మడిచి లేచి నిలబడ్డారు.

"రండమ్మా, రండి. కూర్చోండి. ఏవోయ్, ఏలూరు నుంచి వచ్చారు, కాఫీ పెట్టు" అని లోపలికి కేకేసి, "చెప్పండమ్మా, నా వల్ల ఏమైనా పొరపాటు జరిగిందా?" అన్నారు.

"మీ వల్ల కాదు మాస్టారూ, నా వల్ల జరిగింది. మీ రీడింగులు మూడు వారాలుగా మాకు అందట్లేదు."

"నాకు తెలుసమ్మా. తిప్పి పంపుతున్నారు కదా" అని ఫోను తీసి చూపించారు. తెల్లటి పేజీ, మధ్యలో ఒకే ఒక ఇంగ్లీషు మాట: అన్‌ప్రాసెసబుల్ ఎంటిటీ. నా ఫ్రేమ్‌వర్క్ తనంతట తాను చెప్పే మాట. దాన్ని మనుషులు చదువుతారని నాకు తట్టనేలేదు.

"నిఘంటువు తీసి చూశానండీ. ప్రక్రియకు లొంగని పదార్థం అని చెప్పుకోవచ్చు. నా గురించే అన్నారేమో అనుకున్నాను."

లోపలినుంచి వాళ్ళావిడ కాఫీ గ్లాసులు తెస్తూ, "అనుకోవడమేమిటి, నిజమే కదా" అన్నారు.

మాస్టారు పెద్దగా నవ్వారు. నేను నవ్వలేకపోయాను. కాఫీ తీసుకుని, అడగాలనుకున్నది అడిగాను. "తెలుగు అంకెల్లోనే ఎందుకు పంపుతున్నారండీ? మీటరు మీద ఇంగ్లీషు అంకెలే కదా పడేది?"

"అలవాటమ్మా. బోర్డు మీద తేదీ ముప్ఫై ఏళ్ళు తెలుగు అంకెల్లోనే వేశాను. పిల్లలు పరీక్షలో ఎటూ రాయరు, కనీసం చూసైనా ఉంటారు కదా అని. ఒక ఇన్‌స్పెక్టరు గారు చెరిపేయమన్నారు కూడా. రిటైరయ్యాక రాయడానికి చోటేదీ? మా అమ్మాయి ఈ ఫోను కొనిచ్చింది. ఒకరోజు అంకె మీద వేలు నొక్కిపెట్టి ఉంచితే పైన తెలుగు అంకె లేచింది. అబ్బ, ఎంత సంతోషమయిందో. ఇక పొద్దున్నే మీకు పంపే రెండు అంకెలూ ఇలా పంపుదామని." కాస్త ఆగి, "మొదటిరోజు పంపి, తిడతారేమో అని చూశానండీ. మీ దగ్గర్నుంచి 'అందింది, 4.6' అని ఇంగ్లీషు అంకెల్లో జవాబొచ్చింది. అంటే ఏలూరులో తెలుగు అంకెలు తెలిసిన మనిషి ఒకరున్నారు, రోజూ నావి చదివి రాసుకుంటున్నారు అనుకున్నాను" అన్నారు.

నేను కాఫీ గ్లాసు కింద పెట్టాను.

"ఆయన ఉద్యోగం మానేశారాండీ? మూడు వారాల నుంచి ఆయన లేరని తెలుస్తూనే ఉంది."

అబద్ధం చెప్పి తప్పించుకోవచ్చు. మానేశారండీ అంటే సరిపోయేది. కానీ ఇంతదూరం వచ్చింది అసలేం జరిగిందో తెలుసుకుందామని. ఆయనకూ తెలియాలి కదా.

"మనిషెవరూ లేరు మాస్టారూ. యంత్రమే చదివేది. దానికి తెలుగు అంకెలు వచ్చు. ఆ సంగతి మా ఆఫీసులో ఎవరికీ తెలియదు, నాకు కూడా. నేను కొత్త యంత్రం పెట్టాను. దీనికి రావు."

ఆయన ముఖం చిన్నబోతుందనుకున్నాను. కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. తిరిగి పెట్టుకుని ముందుకు వంగారు.

"అయితే దానికెవరు నేర్పారమ్మా?"

ఈ ప్రశ్న నేనెప్పుడూ వేసుకోలేదు. ఫోన్లో అక్కడికక్కడే వెతికాను. ప్రపంచంలోని లిపులన్నిటికీ కలిపి ఒక పట్టిక ఉంది. ప్రతి అక్షరానికీ అందులో ఒక నంబరు, ఒక పేరు, దాని పక్కన అది అక్షరమో అంకో, అంకయితే దాని విలువెంతో రాసి ఉంటుంది. తెలుగు అంకెలు సున్న నుంచి తొమ్మిది దాకా ఉన్నాయి. పైథాన్ చేసినవాళ్ళు ఆ పట్టికను నమ్మి, అందులో అంకె అన్నదల్లా అంకే అనుకున్నారు. రస్ట్ చేసినవాళ్ళు ఇంగ్లీషు అంకెల దగ్గరే గీత గీశారు. అదే ఆయనకు చెప్పాను. మాస్టారు ఆ పట్టికను పెద్దగా చేయించుకుని, ఒక్కొక్క గడీ వేలితో తాకుతూ చదివారు.

"అయితే మీ పాత యంత్రం మీద నాదొక ఫిర్యాదుందమ్మా. దానికి సున్న రాదు."

"అదేమిటండీ?"

"ఐదు పాయింటు సున్న వచ్చిన రోజున జవాబులో ఖాళీ వచ్చేది. వేసవి అంతా పొద్దున్న పూట వేడి ముప్ఫై పాయింటు ఏదో ఒకటి కదా, అదీ ఖాళీయే. ఆయనకి చూపు ఆనదు కాబోలు, సున్న కనిపించట్లేదు పాపం అని మా ఆవిడతో అంటూ ఉండేవాణ్ణి."

నాకు ఒక్కసారిగా గుర్తొచ్చింది. ఆ చెరువు పాత లెక్కల్లో వేసవి పొడుగునా వేడి గడి ఖాళీ. మీటరు పాడయిందనుకుని సార్ కొత్తది పంపించారు కూడా. దానితోనూ ఖాళీలే వచ్చాయి.

"ఒక్కసారి సున్న కొట్టి చూపించండి మాస్టారూ."

ఆయన ఫోను ఒళ్ళో పెట్టుకుని కొట్టసాగారు. మూడు కోసం అంకె మీద వేలు నొక్కిపెట్టారు. ౩ లేచింది. తర్వాత అంకెల వరస వదిలేసి, అక్షరాల్లోకి వెళ్ళి, ం నొక్కారు. తెరమీద దాని పక్కన చుక్కలతో గీసిన వలయం లాంటిదొకటి పడింది.

"ఈ చుక్కలేమిటో నాకూ తెలియదు, ఫోను పాతబడిందేమో" అన్నారు.

"మాస్టారూ, అది అక్షరం. అంకె కాదు."

"సున్నే కదమ్మా!"

"పూర్ణానుస్వారం కదండీ. అంకె సున్న వేరే ఉంది. చూడండి, పట్టికలో దాని నంబరు వేరు, దీని నంబరు వేరు. ఆ చుక్కలు ఫోను అడుగుతున్న ప్రశ్న, ఈ సున్న ఏ అక్షరం పక్కనా లేదేమిటని."

మాస్టారు ఆ రెండు గడులనూ మార్చి మార్చి చూశారు. వాళ్ళావిడ కూడా వచ్చి ఆయన భుజం మీంచి వంగి చూశారు. రెండూ ఒకే గుండ్రం. రెండింటినీ మనం పిలిచేది ఒకటే పేరు.

"ముప్ఫై ఏళ్ళు తెలుగు చెప్పాను" అన్నారాయన మెల్లగా. "బోర్డు మీద రెండూ ఒకేలా గీసేవాణ్ణి. చూసేవాళ్ళకు పక్కనున్నదాన్ని బట్టి తెలిసిపోయేది. నేను దేన్ని రాస్తున్నానో నన్నెవరూ అడగలేదు. ఇది అడుగుతోంది!"

భోజనం చేసి వెళ్ళమని పట్టుబట్టారు. పప్పుచారు, వంకాయ వేపుడు, ఆవకాయ. చెరువు పక్కనే ఉన్నా ఆ ఇంట్లో చేప వండరు. "మేం తినం కానీ, వాటికి ఊపిరాడుతోందో లేదో చూడకుండా నాకు పొద్దు మొదలవదు" అన్నారు మాస్టారు.

సాయంత్రం ఆఫీసుకొచ్చి సార్‌కు సంగతంతా చెప్పాను. ఆయన ఆసక్తిగానే విన్నారు. కానీ చివర, "ఒక్కరి కోసం ప్రోగ్రాం మారుస్తారా అండీ? ఆ గడిలో ఇంగ్లీషు అంకెల కీబోర్డు తప్ప ఇంకోటి తెరుచుకోకుండా చేసేయండి, అయిపోతుంది" అన్నారు.

అదీ చేయొచ్చు. ఒక్క మాట మారిస్తే చాలు. పాత ప్రోగ్రాం రాసినాయన ఆ గడిని ఏ కీబోర్డయినా తెరుచుకునేలా వదిలేయడానికి కారణం, కొన్ని చవక ఫోన్లలో అంకెల కీబోర్డుకు చుక్క ఉండదు. ఆ సంగతి చెప్పాను. సార్ ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు.

"వేసవంతా వేడి లెక్క లేదని మీటరు మార్చారు కదండీ, ఆ మీటరుకు ఏ జబ్బూ లేదు" అన్నాను.

ఆయన తల గోక్కున్నారు. "సరే రాయండి. కానీ రేపటికి అయిపోవాలి."

మర్నాడు మధ్యాహ్నానికే అయిపోయింది. ఫ్రేమ్‌వర్క్ మూట విప్పి ఆక్సిజన్, వేడి ముక్కలు తీశాక, వాటిని సంఖ్యలుగా మార్చేముందు, తెలుగు అంకె కనిపిస్తే దాని విలువ పెట్టమని పది పన్నెండు వరసలు రాశాను. సంఖ్యలో ఎక్కడైనా ం కనిపిస్తే దాన్నీ సున్నగా తీసుకోమన్నాను. ఆయన మళ్ళీ పొరపాటున కొట్టినా ఇబ్బంది ఉండకూడదని.

వారం తిరక్కుండానే మాస్టారి నుంచి ఫోన్.

"అమ్మా, అన్నీ బాగా అందుతున్నాయి. కానీ ఇవాళ కావాలని పాత సున్న పంపాను. అదీ తీసుకుందేమిటండీ?"

"మీకు సులువుగా ఉంటుందని నేనే అలా రాశాను మాస్టారూ."

"తప్పు రాస్తే తప్పని చెప్పొద్దాండీ? అసలు చెప్పకపోవడం వల్లే కదా ఏడాది పాటు నాకు తెలియలేదు."

"తిప్పి పంపితే ఆ పూట రీడింగు పోతుంది కదండీ. చేపలకు కష్టం కదా."

"అదీ నిజమే. అయితే తీసుకోండి, తీసుకుని చెప్పండి. 'మీరు పంపిన సున్న అక్షరం. అంకెగా తీసుకున్నాం.' ఈ రెండు ముక్కలూ జవాబులో వేయండి. కోపం లేకుండా ఉంటుంది, నిజమూ ఉంటుంది."

అలాగే వేశాను. ఆ మాట ఇప్పటికీ మా ప్రోగ్రాంలో ఆయన చెప్పినట్టే ఉంది.

ఆ తరవాత నెలకు, కంటి డాక్టరు దగ్గరికి ఏలూరు వచ్చి, పని చూసుకుని మా ఆఫీసు మెట్లెక్కారు. తన రీడింగు వచ్చేటప్పుడు ఎలా ఉంటుందో చూడాలన్నారు. సార్ తన కుర్చీ ఇచ్చి కూర్చోబెట్టారు. ఆ పొద్దుటి రిక్వెస్టు మొత్తం, నేను ఏరుకునేవీ ఏరుకోనివీ అన్నీ కలిపి, తెరమీద పరిచాను. ఒక పేజీకి పైగా ఉంది.

"ఇదంతా నేను పంపానా?" అన్నారు ఆశ్చర్యంగా.

"మీరు పంపింది ఈ కింద రెండు అంకెలండీ. పైనున్నదంతా మీ ఫోను తనంతట తాను రాసింది. ఏ కంపెనీ ఫోను, ఏ బ్రౌజరు, ఏ పేజీలోంచి వచ్చారు, ఇవన్నీ."

"అడక్కుండానే?"

"అడక్కుండానే."

ఆయనకు అది అంతగా నచ్చినట్టు లేదు. అయినా ఒక్కొక్క వరసా ఏమిటని అడిగి చెప్పించుకున్నారు. మధ్యలో ఒకచోట te అనే రెండక్షరాలు చూసి ఆగారు. "ఇదేమిటమ్మా?"

"మీ ఫోన్లో భాష తెలుగు పెట్టుకున్నారు కదండీ. జవాబు తెలుగులో ఇస్తే బాగుండునని ఫోను అడుగుతోంది. కుదరకపోతేనే ఇంగ్లీషు."

"రోజూ అడుగుతోందా?"

"రోజూ అడుగుతుందండీ. ప్రతి రిక్వెస్టులోనూ."

మాస్టారు నా వైపు తిరిగారు. గొంతులో నిష్ఠూరం లేదు, క్లాసులో అర్థం కానిది అడిగినట్టే అడిగారు. "రోజూ తెలుగు అడుగుతున్నానని ఇందులో రాసే ఉందంటున్నారు. మరి ఆ మూడు వారాలూ మీరు ఇంగ్లీషులో జవాబిచ్చారేం?"

నేను మూటలోంచి చెరువు నంబరు తీశాను, తేదీ తీశాను, అంకెలు తీశాను. ఈ ముక్క పైనే ఉంది, ఏరుకోమని ఒక్క వరస రాస్తే చేతికొచ్చేది. నాకు పనికొచ్చేవి ఏవో అవే చూశాను. పంపేవాళ్ళు ఏం అడుగుతున్నారో చూడలేదు.

"తెలియలేదు మాస్టారూ" అన్నాను.

"ఇప్పుడు తెలిసిందిగా" అన్నారు.

ఆ మధ్యాహ్నం ఆయన బస్సు వదిలేసుకుని మా ఆఫీసులోనే ఉండిపోయారు. మా ప్రోగ్రాం మనుషులతో అనే మాటలన్నీ నేను చదివి వినిపించాను, ఆయన కాగితం మీద తెలుగు రాశారు. మేం ముందే రాసుకున్న తెలుగు మాటలు కొన్ని ఉంటే, వాటిని సార్ గర్వంగా చూపించారు. 'మీ యొక్క అభ్యర్థన విఫలమైనది' అన్నదాన్ని మాస్టారు కొట్టేసి, 'మీరు పంపింది మాకు అర్థం కాలేదు. అంకెలు మరోసారి చూసి పంపండి' అని రాశారు. "విఫలమయింది వాళ్ళు కాదు కదండీ" అన్నారు సార్‌తో. సార్ తలూపారు. చీకటి పడకముందే కైకలూరు బస్సు ఎక్కించి వచ్చాం.

ఆ భాష ముక్కను ఏరి, తెలుగడిగిన ఫోనుకు తెలుగులో జవాబిచ్చేలా మార్చడానికి నాకు రెండు రోజులు పట్టింది. పెట్టిన రోజున చూస్తే, తెలుగడుగుతున్నవాళ్ళు నేననుకున్నదానికంటే చాలా ఎక్కువమంది ఉన్నారు. చుక్కకు బదులు కామా కొట్టే ఆయన ఫోను కూడా తెలుగే అడుగుతోంది.

సార్ తన ఫోన్లో పేజీ తెరిచి, కావాలని తప్పు అంకె కొట్టి పంపారు. "నాకు ఇంగ్లీషులోనే వచ్చిందేమిటండీ? ఏదో తేడా కొట్టింది, చూడండి."

చూశాను. "తేడా ఏమీ లేదండీ. మీ ఫోను ఇంగ్లీషు అడుగుతోంది."

ఆయన నా వైపు చూసి, ఫోను వైపు చూసుకుని, సెట్టింగుల్లోకి వెళ్ళి భాష మార్చేశారు. సాయంత్రం దాకా, తెలుగులోకి మారిపోయిన ఆ ఫోన్లో ఏది ఎక్కడుందో తెలియక, మా అందరినీ పేరుపేరునా అడుగుతూ తిరిగారు.